తీగ కోశారా లేదా?

సత్తెనపల్లి బయట, కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో సుబ్బరావమ్మ ముఠా అంటే పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు గంపలు, పన్నెండు నోళ్లు. వాటిలో నోళ్లే ఎక్కువ పనిచేస్తాయని గుమాస్తా శ్రీకృష్ణ అంటూ ఉంటాడు. అతనికేం, ఫ్యాను కింద కూర్చుని ఎన్నయినా అంటాడు. మే నెల ఎండలో ఆ రేకుల కింద, మిరపకాయల కుప్ప ముందు ఒక్క పూట కూర్చుని తొడిమలు తీసి చూడమనండి. చేతులు ఆగకుండా ఆడాలంటే చెవిలో ఏదో ఒకటి పడుతూ ఉండాలి. అందుకే ఆ ముఠాలో ఎప్పటినుంచో ఒక పద్ధతుంది. కథ చెప్పే మనిషి కాయ ముట్టక్కర్లేదు. కథ నచ్చితే మిగిలినవాళ్లు తమ గంపల్లోంచి తలా కొన్ని పిడికెళ్లు తీసి ఆమె గంపలో పోస్తారు. నచ్చకపోతే పొయ్యరు. ఆ విషయంలో మొహమాటాలేం లేవు.

ఆ పన్నెండో గంప మౌలాబీది. ఇరవై రెండేళ్లుగా ఆమెదే. ఈ ఏడు వచ్చిన కాయ ఘాటుకో ఏమో, ఆమె అరచేతులు బొబ్బలెక్కి, తోలు ఊడిపోయాయి. ఇంక కొన్నాళ్లు మిరపకాయ ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో ఆమె కూతురు నజ్మీన్, డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి సెలవులకి ఇంట్లో ఉన్న పిల్ల, మర్నాడు పొద్దున్నే అమ్మ పాత గుడ్డ నెత్తికి చుట్టుకుని, అమ్మ డబ్బాలో అన్నం పెట్టుకుని షెడ్డుకి వచ్చేసింది. అమ్మ చేతులు మానేదాకా అమ్మ చోటు కాపాడాలి. ఆ పిల్ల బుర్రలో ఉన్నది అదొక్కటే.

బుర్రలో ఉంటే సరా? చేతిలో ఉండాలిగా! మధ్యాహ్నం అన్నాల వేళకి మిగతావాళ్లు రెండు గంపలు నింపేస్తుంటే నజ్మీన్ గంపలో అడుగు కూడా నిండేది కాదు. మొదటి రోజు అదే చేత్తో కన్ను తుడుచుకుంది. ఇంకేం, గంటసేపు కుళాయి దగ్గరే ఉంది. రెండో రోజు రెండో కన్ను తుడుచుకుంది.

నాలుగు రోజులు చూసి చూసి, సోమవారం సుబ్బరావమ్మ నోరు విప్పింది. ఆమె ముఠా మేస్త్రి. యాభై దాటిన మనిషి, మాట కటువు.

"అమ్మాయ్, శనివారం మధ్యాహ్నం లారీ వస్తది. ఈలోపు ఈ కుప్పంతా అయిపోవాల. నీ గంప ఇట్టాగే ఉందనుకో, పై సోమవారం నుంచి ఈ చోట్లో మా అంకమ్మని కూర్చోబెడతా. మీ అమ్మంటే నాకేం కోపం లేదు. కానీ ముఠాని నడపాలా వద్దా?"

అంకమ్మ ఆమె తోడికోడలు. రెండు నెలలుగా ఎప్పుడు చోటు ఖాళీ అవుతుందా అని కాచుకుని కూర్చుంది. నజ్మీన్ "అట్లాగే పిన్నీ" అని తల వంచుకుంది. ఇంకో కాయ తీసింది. తొడిమ సగంలో విరిగింది.

మంగళవారం అదృష్టం కలిసొచ్చింది. అంటే షమీమ్‌కి కలిసిరాలేదు. ముఠాలో కథలు చెప్పేది షమీమే. రాత్రి టీవీలో చూసిన సీరియల్‌ని పగలు అందరికీ యాక్షన్‌తో సహా చెప్పేది. పాపం, ఆ సీరియల్లో హీరోయిన్ మూడు వారాలుగా ఆసుపత్రిలో కళ్లు మూసుకుని పడుంది. నిన్న చెప్పిందే ఇవాళ, ఇవాళ చెప్పిందే రేపు. పొద్దుట్నుంచీ ఆమె గంపలో ఒక్క పిడికెడు పడలేదు.

"షమీమక్కా, నేనొక నవల చెప్పనా?" అంది నజ్మీన్. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"ప్రేమ కథా?"

"కాదు. సైన్స్ ఫిక్షన్."

"అంటే?"

"ఇంకా జరగనిది జరిగినట్టు అనుకుని చెప్పేది."

"ఓస్, మా ఆయన ఇల్లు కడతానని పదిహేనేళ్లుగా చెప్పేది అదేనే!" అంది షమీమ్. షెడ్డంతా గొల్లుమంది.

నవ్వినవాళ్లకేం తెలుసు, నజ్మీన్ రెండేళ్లుగా ఊళ్లో లైబ్రరీలో ఒక బీరువా మొత్తం నమిలి మింగేసిందని! లైబ్రేరియన్ మరియదాసు గారు ఒక తిక్క మనిషి. పుస్తకం బాగుందా సార్ అంటే చెప్పడు, కథేంటి సార్ అంటే చెప్పడు. ఒక ప్రశ్న అడిగి, పుస్తకం చేతిలో పెట్టి, తన పని తాను చూసుకుంటాడు. ఆ ప్రశ్న మనల్ని ఇంటిదాకా తరుముకొస్తుంది. అన్నం తిననివ్వదు. చచ్చినట్టు పుస్తకం తెరవాల్సిందే. నజ్మీన్ అదే ఎత్తు వేసింది.

"ఒక ఓడ ఉంది. ఇక్కణ్ణుంచి ఒక నక్షత్రం దగ్గరికి పోవాలి. మూడొందల ఏళ్ల ప్రయాణం. ఎక్కినవాళ్లు దారిలో పోతారు. చేరేది వాళ్ల మునిమనవళ్ల మనవళ్లు. మరి దారి మధ్యలో పుట్టి, దారి మధ్యలోనే పోయేవాళ్ల సంగతేంటి? ఆ బతుక్కి ఏం అర్థం ఉంది?"

అందరూ ఒకేసారి మొదలెట్టారు.

"మూడొందల ఏళ్లా? ఓడలో మిరప వేశారా మరి?"

"వేశారు. పొలం ఉంది ఓడలో."

"ఎన్నెకరాలు? బోరుందా? నల్లి పడితే మందు ఎక్కడ తెస్తారు?"

చెప్పొద్దూ, ఆ రచయిత బోరు సంగతి రాయలేదు. నజ్మీన్ అప్పటికప్పుడు బోరు వేయించింది, నల్లికి వేపనూనె కొట్టించింది. అక్కణ్ణుంచి కథ సాఫీగా సాగింది. నడిదారిలో పుట్టిన ఒక పిల్ల ఓడని వెనక్కి తిప్పమంటుంది. వెనక్కి తిప్పినా ఆమె బతికుండగా నేల రాదు, ముందుకి పోయినా రాదు. మరి ఎందుకు తిప్పాలి, ఎందుకు తిప్పకూడదు? అంతా ఆలోచనలో పడ్డారు గానీ వేళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

ముఠాలో అందరికంటే పెద్దది పేరమ్మ. ఆమె ఒక కాయని వెలుగులో పెట్టి చూసి అంది: "వాళ్లదాకా ఎందుకే? మనం మాత్రం? ఈ కాయ ఏ చేలో పండిందో చూశామా, ఏ దేశంలో తింటారో చూశామా? మధ్యలో కూర్చుని తొడిమ తీస్తన్నాం. అట్టని మన బతుకు బతుకు కాకుండా పోయిందా?"

అని తన గంపలోంచి రెండు పిడికెళ్లు తీసి నజ్మీన్ గంపలో పోసింది. తర్వాత షమీమ్ పోసింది. సాయంత్రానికి పన్నెండో గంప రెండుసార్లు నిండింది. నజ్మీన్ ఇంటికి ఎగురుకుంటూ వెళ్లింది.

బుధవారం ఇంకా బాగా నడిచింది. ఆ రోజు ప్రశ్న ఇది: మిమ్మల్ని పోలిన మనిషిని, అచ్చం మిమ్మల్నే ఇంకొకర్ని చేసి పనికి పంపే యంత్రం ఉంటే, సాయంత్రం ఇంటికొచ్చేదెవరు?

"నాకు రెండు కావాల!" అన్నారు నలుగురు ఒక్కసారే.

నవలలో ఆవిడ కూడా అలాగే అనుకుంది. తన నకలుని పనికి పంపి తను హాయిగా ఇంట్లో కూర్చుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు అమ్మా అని పిలిచేది నకలునే. ఎందుకంటే అలిసిపోయి వచ్చేది అది, బయట కబుర్లు తెచ్చేది అది, కోప్పడేది అది. అసలు మనిషి వీధిలో పోతుంటే పక్కింటివాళ్లు కూడా పలకరించరు. ఇంతకీ మనిషంటే ఒళ్లా, చేసిన పనా? ఆ రోజు షెడ్డులో నవ్వులకి రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. షమీమ్ అయితే, "నాకొద్దమ్మోయ్, ఆ రెండోది కూడా నాలాగే నోరేసుకుంటే మా కొంప నిలవదు" అని లేచి మరీ దండం పెట్టింది. నవ్వుతున్నకొద్దీ చేతులు పరుగెత్తాయి. శ్రీకృష్ణ వచ్చి గంపలు లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

సుబ్బరావమ్మ మాత్రం నవ్వలేదు. నవ్వితే మేస్త్రి ఎందుకవుతుంది? కానీ వెళ్లేటప్పుడు గుడ్డ దులుపుకుంటూ, ఎటో చూస్తూ, "రేపేం కథ?" అంది.

ఆ ఒక్క మాటతో నజ్మీన్‌కి నేల మీద కాలు ఆగలేదు. తప్పంతా అక్కడే జరిగింది. ఆమె గురువారానికి తనకి ప్రాణమైన పుస్తకం తీసింది. నాలుగుసార్లు చదివిన పుస్తకం.

"సముద్రం ఒడ్డున ఒక ఊరు" అని మొదలెట్టింది. "నాలుగొందల మంది ఉంటారు. ఆ ఊరి డాక్టర్లు అందరికీ చెవి వెనక వెంట్రుకంత తీగ పెట్టారు. ఒకరికి నొప్పొస్తే అది ఊరందరికీ పంచుకుపోతుంది. కాలు విరిగినా చీమ కుట్టినంతే. కానీ అందరికీ కుడుతుంది."

"అబ్బ, ఆ తీగేదో మా ఆయనకి పెట్టించాల! కాన్పప్పుడు పెట్టించి ఉంటే ఇంకా బాగుండేది" అంది షమీమ్.

"అందుకే ఆ ఊళ్లో ఎవరూ ఎవర్నీ కొట్టరు. ఎవరితోనూ గొడ్డు చాకిరీ చేయించరు. చేయిస్తే తమకే నొప్పి. అలా ముప్పై ఏళ్లు హాయిగా గడిచింది. అప్పుడు ఒకావిడకి ఒక జబ్బొచ్చింది. తగ్గదు, ప్రాణం తియ్యదు. నొప్పి మాత్రం పగలూ రాత్రీ. ఎంత నొప్పంటే, నాలుగొందల మంది పంచుకున్నా ఒక్కొక్కరికీ రోజంతా తలనొప్పి. పిల్లలకి చదువెక్కట్లేదు, చేపలవాళ్లు వలలు లాగలేకపోతున్నారు. ఆవిడ ఒక్కదాని తీగ కోస్తే ఊరంతా బాగుపడుతుంది. కానీ ఆ నొప్పంతా ఆవిడ ఒక్కతే పడాలి. తీగ కొయ్యాలా, వద్దా?"

"కొయ్యాల" అంది షమీమ్.

"ఎట్టా కోస్తావే పాపిష్టిదానా!" అంది పేరమ్మ.

అంతే. పదకొండు మంది చేతుల్లో పదకొండు కాయలు ఆగిపోయాయి. కొయ్యాలనేవాళ్లు ఒక వైపు జరిగారు, వద్దనేవాళ్లు ఒక వైపు. పసిపిల్లలు ఏం పాపం చేశారని ఒకరు, ముప్పై ఏళ్లు ఆవిడ వీళ్ల నొప్పి పడలేదా అని ఇంకొకరు. పేరమ్మ పోయిన మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది. షమీమ్ ఆమెని ఓదార్చి, కళ్లు తుడిచి, మళ్లీ కొయ్యాల్సిందే అంది. సుబ్బరావమ్మ అందర్నీ గదమాయించబోయి, తానే చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుండిపోయింది. అన్నాల గంట కొట్టినా డబ్బాలు తెరిచినవాళ్లు లేరు. నజ్మీన్‌కి కడుపు నిండిపోయింది. తనకి నచ్చిన పుస్తకం ఇంతమందికి ఎక్కిందని మురిసిపోతూ కూర్చుంది గానీ, కుప్ప వంక చూసుకోలేదు.

నాలుగు గంటలకి శ్రీకృష్ణ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది సుబ్బరావమ్మగారూ! పొద్దున వదిలిన కుప్ప వదిలినట్టే ఉంది! ఎల్లుండి లారీ వస్తే ఏం ఎక్కించమంటారు, మీ కబుర్లా?"

సుబ్బరావమ్మ మొహం కందిపోయింది. ఇన్నేళ్లలో ఆమె ఒక గుమాస్తాతో ఆ మాట అనిపించుకోవడం అదే మొదలు. అతను వెళ్లాక నజ్మీన్ వైపు తిరిగింది.

"కథలు చాలు. రేపట్నుంచి ఈ షెడ్డులో కథ అన్న మాట వినపడకూడదు. నీ గంప నువ్వే నింపుకో. నింపావా, మీ అమ్మ చోటు ఉంటది. లేదా, సోమవారం అంకమ్మ వస్తది."

పన్నెండో గంపలో ఆ రోజు ఒక్క పిడికెడు పడలేదు. నచ్చక కాదు. అసలా సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

నజ్మీన్ దారిలో లైబ్రరీకి వెళ్లి పుస్తకం మీద తేదీ పొడిగించుకుంది. "సార్, ఈ నవల చెబితే అందరూ పని మానేసి ఆలోచిస్తూ కూర్చున్నారు" అంది ఏడుపు గొంతుతో. మరియదాసు గారు కళ్లజోడు తీశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"నిజమా? ఇరవై ఏళ్లుగా ఈ పుస్తకం అందరికీ ఇస్తున్నానమ్మా. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, చేతిలో పని ఆపలేదు!"

ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలియక, నజ్మీన్ ఇంటికి వచ్చేసింది.

మౌలాబీ గుమ్మంలో కూర్చుని, వెన్న రాసుకున్న అరచేతులు రెండూ గాలికి ఆరబెట్టుకుంటోంది. కూతురు అన్నం కలిపి నోట్లో పెడుతూ జరిగినదంతా చెప్పింది. ఆ ఇంట్లో అది మామూలే. రెండేళ్లుగా నజ్మీన్ చదివిన ప్రతి నవలా అన్నాల వేళ అమ్మకి చెప్పాల్సిందే. కాకపోతే ఈ ఒక్క కథ చెప్పలేదు. జబ్బు కథ అమ్మకెందుకని దాచింది. ఇవాళ దాచడం కుదరలేదు.

"ఇంతకీ ఆవిణ్ణి అడిగారా?" అంది మౌలాబీ మొత్తం విని.

"ఎవర్ని?"

"ఆ నొప్పి మనిషినే. తీగ కొయ్యమంటావా వద్దా అని."

నజ్మీన్ ముద్ద పట్టుకుని ఆగిపోయింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి పుస్తకం తిరగేసింది. మూడొందల పేజీలున్నాయి. డాక్టర్లు మాట్లాడతారు, ఊరిపెద్ద మాట్లాడతాడు, చేపలవాళ్లు మాట్లాడతారు. ఆవిడ చేత మూలిగించాడే గానీ ఒక్క మాట మాట్లాడించలేదు ఆ రచయిత.

"అడగలేదమ్మా."

"ఇదేం ఊరే! అందరూ కలిసి ఆవిడ గురించే కొట్టుకుంటున్నారు గానీ, ఆవిడ గడప తొక్కినవాళ్లు లేరు" అంది మౌలాబీ. "సరే, పచ్చడి వెయ్యి."

శుక్రవారం షెడ్డులో చడీచప్పుడు లేదు. సుబ్బరావమ్మ కుప్ప ఎదుట కాపలాగా కూర్చుంది. మాటలు లేకపోతే చేతులు చకచకా ఆడతాయనుకుంది కాబోలు. ఎక్కడ ఆడతాయి? ఒక్కొక్కరూ కాయ తీస్తారు, తొడిమ దగ్గర ఆగుతారు, ఎటో చూస్తారు. నోరు మూయించొచ్చు గానీ, బుర్రలో తిరిగేదాన్ని ఎవరు ఆపగలరు? పేరమ్మ ఉన్నట్టుండి "పాపం తల్లీ" అని నిట్టూర్చింది. "నోరుముయ్యి" అంది సుబ్బరావమ్మ. పది గంటలైంది, పదకొండైంది. నజ్మీన్ తల ఎత్తకుండా తీస్తోంది. వేళ్లు మండుతున్నాయి. గంప సగానికి కూడా రాలేదు. చూస్తూ చూస్తూ అమ్మ చోటు పోగొడుతున్నానని ఆ పిల్లకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తుడుచుకోలేదు, అంతవరకు నయం.

పదకొండున్నరకి సుబ్బరావమ్మ చేతిలో కాయ విసిరికొట్టింది.

"ఏమే నజ్మీనూ! ఇంతకీ ఆ తీగ కోశారా లేదా?"

షెడ్డంతా పగలబడి నవ్వింది. పేరమ్మకి నవ్వీ నవ్వీ పొలమారింది. సుబ్బరావమ్మ ఎర్రబడి, "నవ్వుతారేందే, రాత్రంతా నిద్రపట్టలేదు నాకు!" అంది. ఆ నవ్వులో నజ్మీన్‌కి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"కుప్ప అయిపోయాక చెప్తా పిన్నీ."

"నన్నే బెదిరిస్తన్నావా?"

"లేదు పిన్నీ. మీరేగా షెడ్డులో కథ వినపడకూడదన్నారు. కుప్ప అయిపోతే షెడ్డు బయట చెప్తా."

సుబ్బరావమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపింది.

అప్పుడు చూడాలి ఆ చేతుల్ని! కొయ్యాలనేవాళ్లు ఒక బారు, వద్దనేవాళ్లు ఒక బారు కూర్చుని పోటీ పెట్టుకున్నారు. ఓడినవాళ్లు నోరెత్తకూడదని పందెం. పేరమ్మ అరవై ఐదేళ్ల వేళ్లు షమీమ్ వేళ్లతో సమానంగా పరుగెత్తాయి. సాయంత్రం వెళ్లమన్నా బాగా చీకటి పడేదాకా ఎవరూ వెళ్లలేదు. శనివారం తెల్లారకముందే వచ్చేశారు. పదకొండు గంటలకల్లా ఆఖరి గంప గోతంలోకి పోయింది. లారీ ఇంకా ఊళ్లోకే రాలేదు. కుప్ప పోయి, శుభ్రంగా ఊడ్చి ఉన్న నేల చూసి శ్రీకృష్ణ నోరు వెళ్లబెట్టాడు.

అందరూ షెడ్డు బయట నీడలో చేరారు. నజ్మీన్ పుస్తకం తెరిచింది.

"ఊరంతా సముద్రం ఒడ్డున చేరింది. తీగ కొయ్యాలన్నవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు ఊరిపెద్ద. చేతులు లేచాయి." పుస్తకం మూసింది. "అంతే. అయిపోయింది."

"అయిపోవడమేంటి? ఎన్ని చేతులు?"

"రాయలేదు."

గోల మొదలైంది. నిన్న చేసిన పనంతా దండగని ఒకరు, ఆ రాసినవాడి ఫోన్ నంబరుంటే ఇవ్వు, నేను మాట్లాడతానని షమీమ్. సుబ్బరావమ్మ అయితే ఒంటికాలి మీద లేచింది. "రెండ్రోజులు గొడ్డులా చేయించావు కదే ఈ మాట చెప్పడానికి!" నజ్మీన్ బెదిరిపోయింది. ఏదో ఒకటి అడ్డం వెయ్యాలని తోచింది చెప్పేసింది.

"మా అమ్మ కూడా ఇట్లాగే తిట్టింది పిన్నీ. చేతులు ఎన్ని లేస్తే ఏంటి, ఆ నొప్పి మనిషిని ఒక్కళ్లయినా అడిగారా, నీకేం కావాలని, అంది. పుస్తకమంతా వెతికా. ఎవరూ అడగలేదు."

గోల ఆగిపోయింది. పేరమ్మ తల ఊపింది. సుబ్బరావమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. మౌలాబీ చోటు ఉంచాలా తీసెయ్యాలా అని వారం నుంచి ముఠా అంతా చెవులు కొరుక్కుంటూనే ఉంది. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కళ్లూ లేరు.

"మీ అమ్మ ఇంటికాడే ఉందా?" అంది సుబ్బరావమ్మ.

మిట్టమధ్యాహ్నం ఎండలో పన్నెండు మంది, నెత్తిన గుడ్డలు తియ్యకుండా, తుమ్ముకుంటూ వీధిలో నడిచి వెళ్లారు. మౌలాబీ మంచం మీదనుంచి లేచి నిలబడిపోయింది. ఎవరికేమైందోనని ఆమె కంగారు. సుబ్బరావమ్మ సరాసరి విషయంలోకి వచ్చింది.

"నీ చోటు ఏం చెయ్యమంటావే మౌలాబీ? ఉంచమంటావా?"

"వద్దక్కా" అంది మౌలాబీ.

నజ్మీన్ ముందుకొచ్చింది. "అమ్మా! పది రోజుల్నుంచి నేను ఆ చోటు కోసమే కదా..."

"నిన్ను నేను వెళ్లమన్నానా? లేచి చూసేసరికి నా గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయావు. ఇరవై రెండేళ్లు పట్టాను ఆ కాయని. ఇంక పట్టను. చేతులు మానినా పట్టను."

"మరి చెప్పవేం?"

"అడిగిందెవరు?" అంది మౌలాబీ. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. నజ్మీన్‌కి మాత్రం సిగ్గుతో తల వాలిపోయింది. ఊళ్లో అందరికీ ప్రశ్నలు పంచిన పిల్ల, ఎదురుగా ఉన్న అమ్మని ఒక్క ప్రశ్న అడగలేదు. వెళ్లి అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. "నీకేం కావాలమ్మా?" అంది మెల్లగా.

"ఏముందే, ఇంట్లో కూర్చోలేకపోతున్నా. వీళ్ల గోల లేకపోతే నాకు తోచట్లేదు. పది రోజులుగా ఈ గోడతోనే మాట్లాడుతున్నా."

"కాయ పట్టనంటావు, మాతో ఉంటానంటావు" అంది సుబ్బరావమ్మ. "ఎట్టా కుదురుద్ది?"

"కథ చెప్పే మనిషి కాయ ముట్టక్కర్లేదుగా. అంకమ్మని నా గంప ముందు కూర్చోబెట్టు. నాకింకో గంప పెట్టు."

"కథలంటే నీ కూతురికొచ్చు. నీకేమొచ్చు?"

"దానికొచ్చినవన్నీ నాకొచ్చు. రెండేళ్లుగా అన్నంలో కలిపి పెడతంది." మౌలాబీ మంచం మీద కూర్చుంది. బొబ్బలు మానీ మానని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "ఒక ప్రశ్న అడుగుతా, చెప్పండి. ఒకరోజు పొద్దున మనుషులందరి చేతులకీ మాటలొచ్చాయి. మీ చెయ్యి ముందుగా మీతో ఏమంటది?"

షమీమ్ తన కుడిచెయ్యి వంక చూసుకుంది, ఎర్రగా, గోళ్ల చుట్టూ చిట్లిపోయి ఉంది. పేరమ్మ రెండు చేతులూ దగ్గర పెట్టుకుని, ఒకదాన్నొకటి నిమిరింది.

"ఇది ఏ పుస్తకంలోదమ్మా?" అంది నజ్మీన్. ఆ బీరువాలో ఉన్నవన్నీ ఆమెకి తెలుసు.

"ఇంకా ఎవరూ రాయలేదనుకుంటా" అంది మౌలాబీ.

సుబ్బరావమ్మ ఫోను మోగింది. లారీ వచ్చిందని శ్రీకృష్ణ. "గోతాలన్నీ కుట్టే ఉన్నాయిగా, హమాలీల చేత ఎక్కించుకో" అంది సుబ్బరావమ్మ. "మేం పనిలో ఉన్నాం." ఫోను కట్టేసి, చెప్పులు విడిచి, మౌలాబీ కాళ్ల దగ్గర నేల మీదే చతికిలబడింది.

"చెప్పవే" అంది. "నీ చెయ్యి ఏమందో ముందు అది చెప్పు."